డేవిడ్ థాంప్సన్ తోళ్ల వ్యాపారా, అన్వేషకుడా?

కెనడాలో రోడ్లకూ స్కూళ్లకూ ఈయన పేరే ఉంటుంది, ఇంతకీ ఏం చేశాడు అని అడిగారు. జీతం తోళ్ల వ్యాపారానికి. మ్యాపులు గీయడం మాత్రం సొంత పిచ్చి. నేను సివిల్ చదివి సర్వే పనిలో పడి, ఇప్పుడు ఆల్బర్టాలో ఉంటున్నవాణ్ని. కాబట్టి కాస్త పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.

1770లో లండన్‌లో పుట్టాడు. రెండేళ్లకే తండ్రి పోయాడు. పేదపిల్లల బడిలో లెక్కలు నేర్చుకుంటే, 14 ఏళ్లకే, కెనడాలో తోళ్ల వ్యాపారం చేసే హడ్సన్స్ బే కంపెనీ అప్రెంటిస్‌గా ఓడెక్కించారు. మళ్లీ లండన్ చూడలేదు. 1788 చలికాలంలో కాలు విరిగింది. నడవలేని ఆ రోజుల తర్వాతే కంపెనీ సర్వేయరు ఫిలిప్ టర్నర్ దగ్గర సర్వే నేర్చాడు. కుడి కంటి చూపు పోయిందీ అప్పుడే. అప్రెంటిస్ గడువు తీరాక కొత్త బట్టలు ఇవ్వడం కంపెనీ ఆనవాయితీ. ఈయన బట్టలు వద్దు, సర్వే పరికరాలు ఇప్పించమన్నాడు. 1797లో ఆ కంపెనీ వదిలేసి, మంచులో నడుచుకుంటూ పోయి పోటీదారు నార్త్ వెస్ట్ కంపెనీలో చేరాడు.

ఆయన పని ఎంత కష్టమో సర్వే చేసినవాళ్లకే తెలుస్తుంది. సూర్యుడి ఎత్తు కొలవడానికి సముద్రం మీదైతే క్షితిజరేఖ ఉంటుంది, అడవిలో ఎక్కడిది? పళ్లెంలో పాదరసం పోసి, సూర్యుడికీ అందులోని ప్రతిబింబానికీ మధ్య కోణం సెక్స్టెంట్‌తో చూసి సగం చేస్తే ఎత్తు వస్తుంది. దాన్నుంచి అక్షాంశం. రేఖాంశానికి చంద్రుడికీ ఏదో నక్షత్రానికీ మధ్య దూరం కొలిచి, పట్టికలతో గ్రీనిచ్ టైము రాబట్టి, అక్కడి టైముతో పోల్చాలి, అంతా చేత్తో లెక్క. ఇక్కడి చలిలో గ్లవ్స్ తీసి ట్రైపాడ్ స్క్రూ తిప్పడానికే నాకు వేళ్లు కొంకర్లు పోతాయి. మైనస్ 39 దాటితే ఆ పాదరసమే గడ్డకడుతుంది! పగలంతా బీవర్ (నీళ్లలో బతికే బొచ్చు జంతువు) తోళ్ల మూటలు, పడవలు, బేరాలు చూసుకుంటూనే మధ్యలో సూర్యుడి కొలతలు, రాత్రి చంద్రుడివి. స్థానికులు ఆయన్ని 'నక్షత్రాలు చూసేవాడు' అని పిలిచేవారు.

'అన్వేషకుడు' అనే మాట దగ్గరే నాకు పేచీ. ఆయన నడిచిన దారులు క్రీ, పీగన్, కూటనై అనే అక్కడి ఆదివాసీ జనానికి తరతరాలుగా తెలిసినవే. వాళ్లే దారి చూపారు. 1799లో పెళ్లాడిన షార్లెట్ స్మాల్ తల్లి కూడా క్రీ. 1807లో భార్యాపిల్లలతో రాకీ పర్వతాలు దాటాడు. ఆల్బర్టాలోని రాకీ మౌంటెన్ హౌస్ ఊరి నుంచి 11వ నంబరు హైవే మీద పడమరకు వెళ్తే ఆయన దారి చాలావరకు పక్కనే ఉంటుంది. వేసవిలో కారులో వెళ్తేనే ఆ కొండలు బెదిరిస్తాయి. దాటాక కొలంబియా నది ఒడ్డునే స్థావరం కట్టాడు గానీ, నది అక్కడ ఉత్తరానికి పారుతుంటే పడమటి సముద్రానికి దారిగా తాను వెతికే నది అదేనని పోల్చుకోలేకపోయాడు. 1811 జులైలో ఆ సముద్రం చేరేసరికి, పోటీదారైన అమెరికా తోళ్ల వ్యాపారి ఆస్టర్ మనుషులు అప్పటికే అక్కడ కోట కడుతున్నారు.

సారా అమ్మడం ఆయనకు గిట్టదు. పైవాళ్లు బలవంతంగా రెండు పీపాలు అంటగడితే, పొగరుబోతు గుర్రం మీద కట్టించాడట. మధ్యాహ్నానికల్లా పీపాలు ముక్కలు!

1812లో ఆ అడవులు వదిలి, రెండేళ్లలో తాను తిరిగిన ప్రాంతాల పెద్ద మ్యాపు పూర్తిచేసి కంపెనీకిచ్చాడు. దాన్ని కంపెనీ స్థావరం ఫోర్ట్ విలియం హాల్లో గోడకు తగిలించారు. లండన్ మ్యాపులవాళ్లు ఆయన కొలతలు వాడుకున్నారు, పేరు వేయలేదు. ముసలితనంలో అప్పులపాలై పరికరాలు అమ్ముకున్నాడు. 1857 ఫిబ్రవరిలో పోయాడు, మూడు నెలలకే షార్లెట్ కూడా. మాంట్రియల్‌లోని సమాధికి 1927 దాకా గుర్తురాయే లేదు.

ఆ మ్యాపు ఇప్పుడు అంటారియో ఆర్కైవ్స్‌లో ఉంది.