రంగు నీళ్ళ శుద్ధికి యాక్టివేటెడ్ కార్బనా, ఫోటోకెటలిస్టా?

ప్రాజెక్టు కోసం అద్దకం యూనిట్ నుంచి వచ్చే నీళ్ళలో రంగు తీసెయ్యాలి, రంగుని పట్టుకునే యాక్టివేటెడ్ కార్బన్ వాడాలా లేక వెలుతురు తగిలితే రంగుని విరగ్గొట్టే టైటానియం డయాక్సైడ్ లాంటి ఉత్ప్రేరకం (ఫోటోకెటలిస్ట్) వాడాలా అని అడిగారు. ముందు ఆ నీళ్ళలో రంగు కాకుండా ఇంకా ఏమున్నాయో తెలుసుకోండి, ఆ తర్వాతే ఈ ప్రశ్న. నేను రంగుల ఈటీపీలో, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంటులో, ల్యాబ్ చూసినవాణ్ణి, కాబట్టి కొంచెం కటువుగానే చెప్తాను.

పేపర్లు తిరగేస్తే అందరూ డిస్టిల్డ్ వాటర్‌లో మెథిలీన్ బ్లూ కలిపి 99 శాతం తీసేశాం అంటారు. మెథిలీన్ బ్లూ ధనావేశం ఉన్న రంగు, కార్బన్‌కి ఇట్టే అంటుకుంటుంది, పైగా ఎండలో పెడితే ఉత్ప్రేరకం లేకపోయినా ఎంతో కొంత వెలిసిపోతుంది. నూలు గుడ్డకి వాడే రియాక్టివ్ రంగులు అలా కాదు, వాటిది రుణావేశం. వాటితోపాటు బోలెడు ఉప్పు, సోడా యాష్ వస్తాయి, పీహెచ్ 10 దాటి ఉంటుంది. ఆ పీహెచ్ దగ్గర టైటానియం డయాక్సైడ్ ఉపరితలం కూడా రుణావేశంతోనే ఉంటుంది కాబట్టి రంగుని దగ్గరికి రానివ్వదు. రంగుని విరగ్గొట్టాల్సిన హైడ్రాక్సిల్ రాడికల్స్ కాసిని పుట్టినా వాటినేమో కార్బొనేట్లు, బైకార్బొనేట్లు మింగేస్తాయి. అన్నిటికన్నా పెద్ద తంటా, నీళ్ళు సిరాలా నల్లగా ఉంటే వెలుతురు పైపొర దాటి లోపలికి వెళ్ళదు. ఎండని నమ్ముకుందామా అంటే టైటానియం డయాక్సైడ్‌లో అనటేజ్ అనే రకానికి 387 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి కావాలి, ఎండలో అలాంటి అతినీలలోహిత కాంతి ఉండేది 5 శాతం లోపే.

ఇప్పుడు మా ప్లాంటులో జరిగింది చెప్తాను, మీ ‘ఇదా, అదా’ అన్న ప్రశ్నకి నా అసలు జవాబు అందులోనే ఉంది. మేం వాడింది ఫెంటన్ పద్ధతి. ఫెర్రస్ సల్ఫేట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి పీహెచ్ 3 దగ్గర నడపడం, తర్వాత సున్నంతో పీహెచ్ పెంచి ఇనుము బురదని దించడం, చివర కార్బన్ కాలమ్, అంటే కార్బన్ గింజలు నింపిన గొట్టంలోంచి నీళ్ళు దించడం. ఫెంటన్ అనే ఆయన ఈ చర్యని 1894లోనే చూపించాడు, కొత్త విద్యేమీ కాదు. ఉత్పత్తి పెరిగి నీళ్ళు ఎక్కువ రావడం మొదలయ్యాక మేనేజరుగారు ట్యాంకులో నిలవుంచే సమయం తగ్గించి, దానికి బదులు పెరాక్సైడ్ ఇంకాస్త పొయ్యమన్నారు. పోశారు. నీళ్ళు చూస్తే తేటగా ఉన్నాయి, అందరూ సంతోషం. సీఓడీ (నీళ్ళలోని మలినాల్ని ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత) రిపోర్టు మాత్రం తగ్గాల్సింది పోయి పెరిగింది! ఇంకేముంది, తప్పంతా ల్యాబ్‌దే. గాజుసామాను కడగలేదన్నారు, రసాయనాలు పాతబడ్డాయన్నారు, మీకు టైట్రేషన్ వచ్చా అని కూడా అడిగారు.

అదే సమయంలో సెట్లింగ్ ట్యాంకులో బురద అడుక్కి దిగకుండా పైకి తేలడం మొదలైంది. కార్బన్ కాలమ్‌లో ప్రెషర్ పెరిగిపోయి నీళ్ళు సరిగ్గా దిగట్లేదు, బ్యాక్‌వాష్ చేస్తే, అంటే నీళ్ళు ఎదురు తోసి కడిగితే, కాసేపు బాగుండి మళ్ళీ అదే గోల. కార్బన్ అయిపోయిందేమో మార్చేద్దాం అని పైవాళ్ళు అంటుంటే, రాత్రి షిఫ్ట్ ఆపరేటర్ ఒకాయన కాలమ్‌లోకి వెళ్ళే నీళ్ళని సీసాలో పట్టి తెచ్చి, “సార్, ఇది చూడండి” అని చిటికెడు కార్బన్ అందులో వేశాడు. బుసబుసా నురగ. పెరాక్సైడ్ స్ట్రిప్ ముంచితే ముదురు నీలం.

మిగిలిపోయిన పెరాక్సైడే అన్నిటికీ మూలం. సీఓడీ పరీక్షలో మలినాల్ని ఆక్సీకరించడానికి వేసే డైక్రోమేట్‌ని అది ఖర్చు చేసేస్తుంది, లెక్క ప్రకారం 1 మిల్లీగ్రాము పెరాక్సైడ్ దాదాపు 0.47 మిల్లీగ్రాముల దొంగ సీఓడీ చూపిస్తుంది. బురదని తేలుస్తున్నది దాన్నుంచి విడిపోయిన ఆక్సిజన్. కాలమ్‌లోనేమో కార్బన్ రంగు పీల్చడం మానేసి పెరాక్సైడ్‌ని విరగ్గొట్టే ఉత్ప్రేరకంగా పనిచేస్తోంది, ఆ బుడగలు గింజల మధ్య ఇరుక్కుని దారి మూసేస్తున్నాయి. రంగుని ఒంటికి అంటించుకునే అధిశోషకం వేరు, చర్యని నడిపించే ఉత్ప్రేరకం వేరు అని పుస్తకంలో రెండు చాప్టర్లుగా రాస్తారు గానీ కార్బన్ ఆ పుస్తకం చదవలేదు. నిలవుంచే సమయం పాతదానికి తెచ్చి, సీఓడీని బట్టి డోస్ లెక్కగట్టి, కాలమ్‌కి ముందు స్ట్రిప్ పరీక్ష పెట్టాక గాడిన పడింది. నన్ను అన్న మాటలకి మాత్రం ఎవరూ సారీ చెప్పలేదు లెండి.

పనిలో పనిగా ఇంకో కడుపుమంట. కార్బన్ అమ్మేవాళ్ళు అయోడిన్ నంబర్, అంటే ఆ కార్బన్ ఎంత అయోడిన్ పట్టుకుంటుందో చెప్పే అంకె, చూపించి ఊదరగొడతారు. అయోడిన్ అణువు చిన్నది, సన్నటి రంధ్రాల్లోకీ దూరుతుంది; రంగు అణువు పెద్దది, గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. నంబర్లు పక్కనపెట్టి మీ నీళ్ళలోనే ఆ కార్బన్ వేసి షేకర్‌లో తిప్పి చూసుకోండి. ఇక పొట్టుతో, తొక్కలతో చవకగా అధిశోషకం చేశాం అనే పేపర్లలో, రంగు పట్టిన ఆ పొట్టుని తర్వాత ఎక్కడ పారేస్తారో రాసినవాణ్ణి నేను చూళ్ళేదు. కార్బన్‌ని అయితే 800 డిగ్రీల పైన వేడిచేసి మళ్ళీ వాడొచ్చు, ప్రతిసారీ కొంత కాలిపోతుంది, అయినా దానికి ఒక దారంటూ ఉంది.

మీ గైడ్ మెథిలీన్ బ్లూనే కావాలని పట్టుబడితే కానివ్వండి, కాకపోతే ఉత్ప్రేరకం వేసి ముందు చీకట్లో ఒక గంట కలపండి, అంటుకోవడం వల్ల ఎంత తగ్గిందో తేలుతుంది. ఉత్ప్రేరకం లేకుండా వెలుతురు మాత్రమే పెట్టి ఇంకో సీసా నడపండి. రంగు పోగానే అయిపోయిందనుకోకుండా నీళ్ళలో మిగిలిన మొత్తం సేంద్రియ కర్బనం, అదే టీఓసీ, కూడా కొలిపించండి. తర్వాత నిజమైన అద్దకం నీళ్ళు ఒక లీటరు తెచ్చి అవే పరీక్షలు చేసి, రెండు గ్రాఫులూ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.