అత్తగారికి చెప్పాల్సింది మీ ఆయన

ప్రశ్న: మేము హైదరాబాద్‌లో ఉంటాం. మా బాబుకు ఐదేళ్లు. మూడో ఏట ఆటిజం అని తేల్చారు. ఇప్పటికి పది పదిహేను మాటలు వచ్చాయి. వచ్చే నెల భీమవరంలో మా మరిది పెళ్లి. ఆడపెళ్లివారు చూస్తే ఏమనుకుంటారోనని, ముహూర్తం అయ్యేదాకా బాబును మా అమ్మ దగ్గర ఉంచమంటున్నారు అత్తగారు. తోడు పెళ్లికొడుకుగా మా ఆడపడుచు కొడుకును కూర్చోబెడుతున్నారు. మా ఆయనేమో "వాడికి మాటలు లేటు, మా నాన్నకూ అంతే" అని అందరికీ చెప్పుకొస్తున్నారు. వైకల్య సర్టిఫికెట్ కూడా వద్దంటున్నారు. బాబును పెళ్లికి తీసుకెళ్లాలా, వద్దా?

జవాబు: తీసుకెళ్లండి. మీరడిగినదానికి ఇంతకంటే చెప్పేదేం లేదు.

మీరు అత్తగారి మీద నొచ్చుకుంటున్నారు. కానీ రెండేళ్లుగా కన్నతల్లికి అసలు మాట చెప్పనిది మీ ఆయన. చెప్పని సంగతి ఆవిడకు అర్థం కాలేదని ఆవిడను తప్పుపట్టడం న్యాయం కాదు. రేపు కాపురానికొచ్చే తోటికోడలికి పది రోజుల్లో అంతా తెలిసిపోతుంది. పిల్లాడి సంగతి పక్కనబెట్టి, ఈ ఇంటివాళ్లు దాచారన్నదే ఆమె మనసులో పెట్టుకుంటుంది. పెద్దవాళ్ల అబద్ధానికి వాడి పేరు అతుక్కుపోతుంది.

అత్తగారికి ఫోను మీరు చేయకండి. మీరు చెబితే కోడలు పిల్లాడికి రోగం అంటగట్టినట్టే వినిపిస్తుంది. కొడుకే చెప్పాలి, "లేటు" అనకుండా ఆటిజం అనే చెప్పాలి. ఫోను చూపించడం వల్ల రాలేదని, టీకాల వల్ల రాలేదని, తల్లి పెంపకం వల్ల అసలే రాలేదని చెప్పాలి. పెళ్లయితే తగ్గుతుంది, పెద్దయితే పోతుంది లాంటిది కాదు, కానీ వాడు నేర్చుకుంటాడు అని కూడా. తర్వాత ఆవిడకొక పని అప్పజెప్పమనండి: అరటిపండు, బిస్కెట్ రెండూ చూపించి, ఏది కావాలో అడిగి, మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగడం. మనం తొందరపడి చేతిలో పెట్టేయడంతో పిల్లాడికి నోరు విప్పే అవసరమే రాదు. దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, మిరపకాయల పొగ మాత్రం వద్దు.

తోడు పెళ్లికొడుకు సంగతి వదిలేయండి. వీడియో లైట్ల కింద, బాజాల పక్కన గంటలకొద్దీ కూర్చోవడం వాడికి శిక్ష. మేనల్లుడు కూర్చుంటే మీ వాడికి తక్కువేం కాదు.

పెళ్లికొడుకును చేసేది ఇంట్లోనే కదా. సంక్రాంతికి వాడు తిరిగిన ఇల్లే. అక్కడ ముప్పావుగంట ఉంచండి. మండపానికి ముందురోజు, ఎవరూ లేనప్పుడు ఒకసారి తిప్పి, ఫొటోలు తీసి వరసగా చూపించండి: కారు, గేటు, బాబాయి, అన్నం, చివర మళ్లీ ఇల్లు. ఆ చివరి ఫొటో ముఖ్యం. ఎప్పుడు అయిపోతుందో తెలియకపోవడమే వాడికి పెద్ద భయం. శబ్దం తగ్గించే ఇయర్‌మఫ్స్ ఇప్పుడే కొని, రోజూ ఐదేసి నిమిషాలు పెట్టి అలవాటు చేయండి. పెళ్లిలోనే మొదటిసారి పెడితే పీకి విసిరేస్తాడు. కొత్త బట్టలు మూడు నాలుగుసార్లు ఉతికి, మెడ దగ్గర లేబుల్ కత్తిరించండి. ఆకలి ముదరకముందే ఇంటి పెరుగన్నం పెట్టేయండి.

ఒక గంట ఆయన, ఒక గంట మీరు. వంతులు కాగితం మీద రాసుకోండి. లేకపోతే పెళ్లికొడుకు అన్నగారు బంధువుల మధ్య మాయమవుతారు, పిల్లాడు మీ ఒళ్లోనే మిగులుతాడు. చెవులు మూసుకోవడం, మునివేళ్ల మీద పచార్లు చేయడం మొదలవగానే బయటికి తీసుకెళ్లాలి. ఏడుపు దాకా ఆగితే ఆలస్యమైనట్టే. అప్పుడు బుజ్జగింపులు, ప్రశ్నలు వద్దు. చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న గదిలో పక్కన కూర్చుంటే చాలు. బుగ్గలు గిల్లి "మామయ్యకు నమస్తే పెట్టు" అనే పెద్దమనుషులకు ఆయనే అడ్డుపడాలి.

ఇక సర్టిఫికెట్. ముద్ర పడుతుందని ఆయన భయం. బీరువాలో ఉండే కాగితం అది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన అని తేలితే ఆరేళ్ల నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. వచ్చే ఏడాదికి మీ వాడికి ఆరేళ్లు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీలకూ వర్తిస్తుంది. ఆయన పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కడుతుంటే, పన్ను లెక్కగట్టే ఆదాయంలో 75,000 రూపాయల మినహాయింపు. శాతం లెక్కగట్టే 40 అంశాల కొలమానం సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ తయారుచేసిందే. దరఖాస్తు యూడీఐడీ పోర్టల్‌లో, అంటే వికలాంగుల గుర్తింపు కార్డుల ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పెట్టాలి. అత్తగారికి ఫోను విషయంలో మాత్రం ఆయన కోసం ఆగండి. దరఖాస్తుకు ఆగకండి, తల్లి పెట్టినా చెల్లుతుంది.