వ్యభిచారంలో డబ్బు ఎక్కడుంది?

సందేహం: పోలీసు దాడుల వార్తల్లో ఒక పత్రిక 'వ్యభిచారిణులు' అంటుంది, ఇంకొకటి 'సెక్స్ వర్కర్స్' అంటుంది. మా అబ్బాయి 'లైంగిక కార్మికులు' అనాలంటాడు. వీటిలో ఏది సరి? – ఒక పాఠకురాలు

సమాధానం: ఏది సరో తర్వాత చూద్దాం గానీ, ముందు ఆ 'వ్యభిచారిణి'ని వార్తల్లోంచి తప్పించాలమ్మా. ఆ మాట మీద నాకేమీ కోపం లేదు. దానికి పట్టిన గతి చూస్తేనే ప్రాణం ఉసూరుమంటుంది.

వి, అభి అని రెండు ఉపసర్గలు, వాటి వెనక చర ధాతువు. భరతుడు నాట్యశాస్త్రంలో దీన్ని విప్పి చెప్పాడు: 'వివిధమాభిముఖ్యేన రసేషు చరంతీతి వ్యభిచారిణః'. రసాలకు అభిముఖంగా రకరకాలుగా సంచరిస్తాయి కనుక అవి వ్యభిచారి భావాలు. నిర్వేదం, గ్లాని, శంక, అసూయ ఇలా మొత్తం 33. ఆ పట్టికలో వ్రీడ, అంటే సిగ్గు కూడా ఉంది! సిగ్గునే వ్యభిచారి అన్న శాస్త్రం మనది.

తర్కంలోకి వెళ్తే ఇంకో సొగసు. 'కొండ మీద నిప్పుంది, ఎందుకంటే కొండ మన తెలివికి అందే వస్తువు' అని ఒకడు వాదించాడనుకోండి. చెరువూ తెలివికి అందేదే, అక్కడ నిప్పు లేదే! నిప్పున్న చోటా, లేని చోటా తిరిగే ఆ హేతువును సవ్యభిచారం అన్నారు. అన్నంభట్టు తర్కసంగ్రహం చదివే కుర్రాడు ఈ మాటను రోజుకు పదిసార్లు పైకి వల్లించేవాడు, ఇంట్లో ఎవరూ చెవులు మూసుకోలేదు.

స్మృతికారుల చేతిలో పడ్డాకే ఇది భర్తను దాటిన భార్యకు అంటుకుంది. అక్కడా డబ్బు లేదు, బేరం లేదు, బతుకుదెరువు లేదు. పరాయివాడి భార్యతో సంబంధాన్ని నేరమన్న 497వ సెక్షన్‌ను 2018లో సుప్రీంకోర్టు కొట్టేసిన తీర్పునూ, దాడుల్లో పెట్టే పీటా (అనైతిక రవాణా నిరోధక చట్టం) కేసునూ ఒకే 'వ్యభిచారం'తో రాస్తే చదివేవాడు ఏమనుకోవాలి?

బతుకుదెరువును చూసినవాడు అమరకోశ నిఘంటువు రాసిన అమరసింహుడు. 'వారస్త్రీ గణికా వేశ్యా రూపాజీవా' అన్నాడు. ఆజీవమంటే జీవనోపాధే. 'వేశ్య' వేశం నుంచి, అంటే వాళ్లుండే ఇంటి నుంచి వచ్చింది. 'సాని' స్వామిని నుంచి వచ్చింది, దొరసానిలో, మంత్రసానిలో దాని పరువు ఇంకా నిలిచే ఉంది. భోగం గుళ్లలోని అంగరంగభోగాల నాటిది. ఇవన్నీ కులమూ కాలమూ అంటిన మాటలు, వార్తకు పనికిరావు.

ఇక ఆ వార్తల్లోనే దొరికిపోయిన మగవాడు మాత్రం 'విటుడు'! ఒకే పాత్ర నడిపే సంస్కృత నాటకం భాణంలో కళలు తెలిసిన సరసుడి పీట అది. లాడ్జిలో పట్టుబడిన కస్టమర్‌కు అంత అలంకారశాస్త్రం దేనికి?

'సెక్స్ వర్కర్' అరువు మాటే. అయితే ఇది పైవాళ్లు తగిలించిన పేరు కాదు. 1970ల చివర్లో అమెరికాలో కరోల్ లీ అనే ఆవిడ, తనూ ఆ పని చేస్తూనే, 'సెక్స్ వర్క్' అన్న మాట పుట్టించింది. కలకత్తాలో 2001లో జరిగిన సమావేశం నుంచి మార్చి 3న వాళ్లు తమ హక్కుల దినం జరుపుకుంటున్నారు. తమను తాము ఎవరేమని పిలుచుకుంటే మనమూ అలాగే పిలవడం మర్యాద.

అలాగని అందరికీ అంటించకండి. స్త్రీల గురించి మూసమాటలు మానమంటూ 2023లో సుప్రీంకోర్టు విడుదల చేసిన చేతిపుస్తకం (హ్యాండ్‌బుక్) మొదట 'సెక్స్ వర్కర్' అనమంది. బలవంతంగా ఈ పనిలోకి దించినవాళ్లను కూడా అలా అంటే ఎలా అని అక్రమ రవాణాపై పనిచేసే సంస్థలు అడ్డుచెప్పాక దాన్ని సవరించారు. దాడి జరిగిన రాత్రి ఎవరు తమంతట వచ్చారో, ఎవరిని అమ్మేశారో విలేకరికి తెలిసే వీలు లేదు. అప్పుడు 'ముగ్గురు మహిళలు' అంటే సరిపోతుంది. పేర్లూ ఫొటోలూ ఎలాగూ వేయకూడదు, 2022లోనే కోర్టు మీడియాకు ఆ సంగతి చెప్పింది.

మీ అబ్బాయి చెప్పిన 'లైంగిక కార్మికులు' తప్పు కాదు. కాస్త గవర్నమెంటు జీవో వాసన వేస్తుంది, అంతే. వాడితే వాడుకోనివ్వండి.

'సెక్స్ వర్కర్' అని రాసేటట్టయితే బహువచనం 'వర్కర్లు'. తెలుగు వాక్యంలో 'వర్కర్స్' ఎందుకు? 'వర్కర్స్‌లు' అని కూడా ఈ మధ్య ఒకచోట చూశాను. దానికి నా దగ్గర సమాధానం లేదు.