ఎస్సైగా చేసినవారు జడ్జి కావచ్చా? రెండు పనులూ చేసిన నా అనుభవం

ఎస్సైగా ఐదేళ్లు పూర్తయ్యాయి, లా డిగ్రీ ఉంది, వయసు 29, జడ్జి పరీక్ష రాయవచ్చా, స్టేషన్ అనుభవం అక్కడ పనికొస్తుందా అని మీరు అడిగారు. నేను 1986 నుంచి ఐదేళ్లు ఎస్సైగా చేశాను. రాజీనామా చేసి లాయరుగా ప్రాక్టీసు పెట్టాను. 1996లో జూనియర్ సివిల్ జడ్జినయ్యాను, 2021లో జిల్లా జడ్జిగా రిటైరయ్యాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

రాయవచ్చు. కానీ ఉద్యోగంలో ఉంటూ కాదు. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మా రోజుల్లోనూ ఇదే నిబంధన ఉండేది, 2002లో తీసేశారు, మళ్లీ వచ్చింది. మీ పోలీసు సర్వీసు ఇందులోకి రాదు. జీతం తీసుకునే పూర్తికాలపు ఉద్యోగి లాయరుగా ప్రాక్టీసు చేయకూడదు కాబట్టి, రాజీనామా ఆమోదమై, బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయిన తర్వాతే లెక్క మొదలవుతుంది. మామూలుగా 35 ఏళ్లు దాటకూడదు, రిజర్వేషన్ ఉన్నవారికి సడలింపు ఉంటుంది. అంటే మీకు ఉన్న సమయం తక్కువే. కింది కోర్టు జడ్జిగా చేయనివారు నేరుగా జిల్లా జడ్జి కావాలంటే రాజ్యాంగం 233వ అధికరణం ప్రకారం ఏడేళ్లు లాయరుగా చేసి ఉండాలి. ఒకప్పుడు ఐసీఎస్ (బ్రిటిష్ కాలపు సివిల్ సర్వీసు) అధికారులు జడ్జీలయ్యేవారు, లా డిగ్రీ లేని కె.ఎన్. వాంఛూ 1967లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కూడా అయ్యారు. ఆ దారి ఇప్పుడు లేదు.

ఇక అనుభవం సంగతి. జూనియర్ సివిల్ జడ్జే క్రిమినల్ కేసుల్లో మేజిస్ట్రేటు కూడా. అలా మేజిస్ట్రేటుగా చేరిన మొదటి నెలలో ఒక రాత్రి పోలీసులు ఒక కుర్రాణ్ని మా ఇంటికి రిమాండుకు తెచ్చారు. చోరీ కేసు. రిపోర్టులో అరెస్టు సమయం ఆ సాయంత్రం 5 గంటలని ఉంది. కుర్రాడి చొక్కా చూస్తే రెండు మూడు రోజులుగా ఒంటి మీదే ఉన్నట్టుంది. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని 22వ అధికరణం చెబుతుంది. స్టేషన్‌లో మనం దాన్ని ఎలా దాటేస్తామో మీకు తెలుసు, ఎప్పుడో పట్టుకొచ్చి, తర్వాత తీరిగ్గా ‘అరెస్టు చూపిస్తాం’. అలాంటి రిపోర్టుల మీద ఎస్సైగా నేనూ సంతకాలు పెట్టాను. ఆ తప్పు ఇప్పటికీ బాధిస్తుంది.

పోలీసులు కొట్టారా అని అడిగాను. కుర్రాడు నా వైపు చూడలేదు, గుమ్మంలో ఉన్న కానిస్టేబుల్ వైపు చూసి ‘లేదు సార్’ అన్నాడు. ఎస్కార్టును గేటు బయట నిలబడమని చెప్పి, మళ్లీ అడిగాను. ఈసారి మాట్లాడకుండా అరికాళ్లు చూపించాడు. అతను చెప్పింది అతని మాటల్లోనే రాసుకుని, డాక్టరు దగ్గరికి పంపించాను. ఎక్కడ చూడాలో నాకు స్టేషనే నేర్పింది. ఆ మేరకు మీ అనుభవం నిజంగా పనికొస్తుంది.

అదే అనుభవం నన్ను తప్పుదారి కూడా పట్టించింది. తర్వాత రెండేళ్లకు మరో చోరీ కేసులో సాక్ష్యం పూర్తయింది. సొత్తు రికవరీకి మధ్యవర్తుల రిపోర్టు (పోలీసులు సొత్తు స్వాధీనం చేసుకున్నప్పుడు దగ్గరుండి చూసిన సాక్షులు సంతకం చేసే కాగితం) ఉంది. స్టేషన్‌కు అలవాటైన మధ్యవర్తులు ఉంటారని, కూర్చున్నచోటే రిపోర్టు రాసేస్తారని నాకు తెలుసు కదా, ఈ రికవరీ నమ్మలేమని తీర్పు రాసుకున్నాను. రాత్రి ఆ చిత్తుప్రతి మళ్లీ చదువుకుంటే, ఆ మాటకు ఆధారంగా చూపడానికి సాక్షుల వాంగ్మూలాల్లో ఒక్క వాక్యం కూడా దొరకలేదు. మధ్యవర్తులిద్దరూ గ్రామ ఉద్యోగులు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో వాళ్లు ఎక్కడా తడబడలేదు. డిఫెన్స్ లాయరు కూడా వేయని అనుమానం నేను వేశాను. అది ఆ ఫైల్లోంచి రాలేదు, నా పాత స్టేషన్‌లోంచి వచ్చింది. ఆ దర్యాప్తు అధికారి నిజాయితీగా పనిచేశాడు, నేను చేసిన తప్పులకు అతన్ని శిక్షించబోయాను. ఆ కాగితాలు చించేసి మళ్లీ రాశాను. నిందితుడికి శిక్ష పడింది.

జడ్జి తనకు సొంతంగా తెలిసినదాని మీద తీర్పు ఇవ్వకూడదని పుస్తకంలో చదివినప్పుడు సులభంగానే అనిపిస్తుంది. మనలాంటివారికి రోజూ దానితోనే టెన్షన్. నేను దర్యాప్తు చేసిన పాత కేసు ఒకటి నా కోర్టుకే వచ్చింది. దాన్ని వేరే కోర్టుకు మార్చమని అదే రోజు జిల్లా జడ్జికి రాశాను. అలాంటివి తేలిక, పైకి కనిపిస్తాయి. పైకి కనిపించని అనుమానాల కోసం నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. తీర్పులో పోలీసుల గురించి రాసే ప్రతి మాట పక్కన, అది ఏ సాక్షి చెప్పాడో, ఏ పేజీలో ఉందో పెన్సిల్‌తో రాసుకునేవాణ్ని. పేజీ నంబరు దొరకని మాట కొట్టేసేవాణ్ని.

పోలీసు ముందు చెప్పిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదన్న నియమం మీదా (పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 23) ఎస్సైగా ఉన్నప్పుడు నాకు చాలా కోపం ఉండేది. ఆ కుర్రాడి అరికాళ్లు చూసినప్పుడు పోయింది.

పరీక్ష విషయంలో మీ అసలు ఇబ్బంది సివిల్. పార్టిషన్ (ఆస్తి పంపకం) దావా, ఇంజంక్షన్ (ఫలానా పని చేయవద్దనే కోర్టు ఉత్తర్వు), ఈజ్‌మెంట్ హక్కు (పక్కవారి స్థలంలోంచి దారి లాంటివి వాడుకునే హక్కు) లాంటివి స్టేషన్‌లో మనకు ‘సివిల్ మేటర్, కోర్టుకు వెళ్లండి’ అని పంపించేసే విషయాలు. పరీక్షలో వాటికే ఒక పేపరు ఉంటుంది. ప్రాక్టీసు పెట్టగానే పాత పరిచయాల వల్ల బెయిల్ కేసులు వస్తాయి, డబ్బూ వస్తుంది. నేను ఏడాదిన్నర వాటిలోనే పడి వెనకబడ్డాను. మీరు మొదటి రోజే సివిల్ చూసే సీనియర్ దగ్గర చేరండి, దావాలు, జవాబుదావాలు మీ చేత్తో రాయండి. తెలుగు, ఇంగ్లిష్ అనువాదం కూడా రోజూ ఒక పేజీ చేయండి. రాజీనామా ఇచ్చే ముందు కనీసం రెండేళ్ల ఇంటి ఖర్చు చేతిలో ఉందో లేదో ఇంట్లోవాళ్లతో కూర్చుని లెక్క చూసుకోండి.