దాళ్వా (రబీ) వరి నారు పాలిపోవడానికి మంచే కారణమా?

మీ పొలం అమలాపురం దగ్గరన్నారు. డిసెంబరు మంచుకి 15 రోజుల నారు పాలిపోయి ఎదగట్లేదు, యూరియా వెయ్యొచ్చా అని అడిగారు. ఇప్పుడే వెయ్యకండి.

అసలు తప్పు మంచుది కాదండి. మన దగ్గర పడేది పొగమంచు, కశ్మీరులోలా గడ్డకట్టి రాలేది కాదు. పొగమంచు పట్టిన రాత్రి నేల వేడి పైకి పోకుండా కొంత ఆగుతుంది, ఆవిరి బొట్టుగా మారేటప్పుడు ఇంకాస్త వేడి వదులుతుంది. నారుని పట్టేసేది చుక్కలు మిలమిలా కనపడి గాలి కదలని రాత్రి. అలా 15 డిగ్రీల దగ్గరికి దిగితే వేరు మొద్దుబారి భాస్వరం, జింకు తీసుకోలేదు. ఆ వేరుకి యూరియా ఎంత వేసినా దండగే.

ముందు మడిలో దిగి చూడండి. మడంతా ఒకే తీరుగా లేత పసుపైతే చలి దెబ్బ. ముదురాకుల మీద తుప్పు మచ్చలుండి, లేతాకు మొదట్లో ఈనె తెల్లబడితే జింకు లోపం. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేటు కలిపి, 5 రోజుల తేడాతో రెండుసార్లు కొట్టండి. అందులో పురుగుమందు కలపొద్దు.

చలికి మందు నీళ్లే. సాయంత్రం మడికి పలచగా నీళ్లు పెట్టండి, నారు కొసలు మునగకూడదు. బోరుంటే మరీ మంచిది, ఆ నీళ్లు రాత్రి గాలి కన్నా వెచ్చన. పొద్దున్నే చల్లబడిన నీళ్లు తీసేస్తే ఎండకి బురద త్వరగా వేడెక్కుతుంది. చాలామంది పెట్టడం పెడతారు గానీ తీయడం మరిచిపోతారు! చిన్న మడైతే రాత్రి పాలిథిన్ పట్టా కప్పొచ్చు. ఆకుకి తగలకుండా బద్దల మీద పరిచి, ఎండెక్కేలోపు తీసేయాలి, లేకపోతే నారు ఉడికిపోతుంది.

వచ్చే ఏడు ఎకరానికి సరిపడే 5 సెంట్ల మడికి ఆఖరి దమ్ములో (నీళ్లు పెట్టి బురదగా దున్నేటప్పుడు) భాస్వరం రెట్టింపు చెయ్యండి, అంటే సింగిల్ సూపర్ ఫాస్ఫేటు 12 కిలోల పైచిలుకు. నాటడానికి రోజులు లెక్కపెట్టకుండా 4, 5 ఆకులు వచ్చాయో లేదో చూడండి.

మంచు చేసే చెడు వేరే ఉంది. ఆకు పొద్దెక్కేదాకా తడిగా ఉంటే అగ్గి తెగులు అంటుకుంటుంది. నూలుకండె ఆకారపు మచ్చలు కనపడితే ట్రైసైక్లజోల్ 75 పొడి లీటరుకి 0.6 గ్రాములు కొట్టి, తెగులు తగ్గేదాకా యూరియా ఆపండి.