మంగళగిరి రికార్డింగ్‌కు వెళ్లే ముందు

అమ్మా సుధా,

నువ్వు పంపిన స్క్రిప్టు రెండుసార్లు చదివాను. చేనేత మీద పాడ్‌కాస్ట్ మొదలుపెడుతున్నందుకు చాలా సంతోషం. విషయం బాగుంది, ప్రశ్నలూ బాగున్నాయి. మార్చాల్సింది ఒక్కటే. ఎడమ పక్కన అన్నిచోట్లా ‘వాయిస్’ అని రాశావు. నువ్వు చదివేదీ వాయిసే, మగ్గం మీది పెద్దాయన చెప్పేదీ వాయిసే, షాపు దగ్గర జనం అనేదీ వాయిసే. ఎడిటింగ్ చేసే అబ్బాయికి ఏది ఏమిటో ఎలా తెలుస్తుంది? రికార్డ్ చేసే ప్రతి మాటకీ ఒక పని ఉంటుంది, ఆ పనిని బట్టే దాని పేరు. ముందే పేరు పెట్టుకుంటే మైకు ఎక్కడ ఉంచాలో, ఏం అడగాలో, ఎంతసేపు తీయాలో కూడా అప్పుడే తేలిపోతుంది. రేడియోలో ఇన్నేళ్లు పనిచేసి నేను గట్టిగా నమ్మేది ఇదే.

స్క్రిప్టు చూసి నువ్వు కథ నడిపించేది నెరేషన్. ఈ మాట సినిమావాళ్ల దగ్గర అంటే మాత్రం దర్శకుడు హీరోకో నిర్మాతకో కథ వినిపించడం అనుకుంటారు. స్టూడియో బుక్ చేసేటప్పుడు అది గుర్తుంచుకో. ఒక భాగం నుంచి ఇంకో భాగానికి వినేవాళ్లను తీసుకెళ్లే రెండు మూడు వాక్యాలు లింక్. లింకులు అన్నిటికన్నా చివర రికార్డ్ చెయ్యి. మిగతాదంతా కోసి అతికించాకే ఎక్కడ ఎంత చెప్పాలో తెలుస్తుంది.

కంచిలో తమిళం మాట్లాడే నేతవాళ్లను కూడా కలుస్తానన్నావు. అక్కడ ‘డబ్బింగ్ చెప్పించాలి’ అని రాశావు, అది వద్దు. డబ్బింగ్ అంటే సినిమాలో పెదాల కదలికకు సరిపడేలా మళ్లీ మాట చెప్పడం. మా స్టూడియోల్లో అయితే ఒక టేపులోది ఇంకో టేపులోకి ఎక్కించడాన్నీ డబ్బింగ్ అనే అనేవాళ్లం. నీకు కావలసింది వాయిస్ ఓవర్. తమిళం ముందు రెండు మూడు సెకన్లు పూర్తిగా వినపడాలి. తర్వాత ఆ గొంతు కిందికి దిగి, దాని మీద తెలుగు రావాలి. తెలుగు అయిపోగానే ఆఖరి మాట మళ్లీ తమిళంలో పైకి రావాలి. అసలు గొంతు తీసేసి తెలుగు ఒక్కటే పెడితే ఆ మనిషి నీ కార్యక్రమంలో లేకుండా పోతాడు.

అసలు కష్టమంతా బైట్ దగ్గరే. పెద్దాయన మాటల్లోంచి నువ్వు కోసి వాడుకునే ముక్క అది. ‘ఎప్పటి నుంచి నేస్తున్నారు?’ అని అడుగుతావు. ‘పదేళ్లప్పటి నుంచి’ అంటాడు. నీ ప్రశ్న తీసేస్తే ఆ జవాబుకు అర్థమే ఉండదు. అందుకని మొదలుపెట్టే ముందే మర్యాదగా చెప్పు: ‘తాతగారూ, నా మాట ఇందులో రాదు, మీరే పూర్తిగా చెప్పాలి.’ అప్పుడు ‘నాకు పదేళ్లున్నప్పుడు మా నాన్న నన్ను మగ్గం గుంటలో కూర్చోబెట్టాడు’ అని వస్తుంది. అది బైట్. ఆయన చెప్పేటప్పుడు మధ్యలో ‘ఊఁ, అవునా’ అనకు, తల ఊపితే చాలు. నీ ఊకొట్టు ఆయన మాట మీద పడిందంటే విడదీయడం చాలా కష్టం.

మాటల మధ్య వినిపించే ఊపిరిని కూడా ఎడిటర్‌ను తీసేయనివ్వకు. మేము స్పూలు టేపు కోసేవాళ్లం, అది సెకనుకు 7.5 అంగుళాలు తిరిగేది. అర సెకను ఊపిరి అంటే చేతిలో దాదాపు 4 అంగుళాల టేపు. అంత టేపును పడేసే ముందు ఎవరైనా ఆలోచిస్తారు. ఇప్పుడు ఒక్క క్లిక్కుతో ఊపిర్లన్నీ పోతాయి, మాట మాత్రం మరమనిషి మాటలా తయారవుతుంది.

మగ్గం విషయంలో ఇంకా జాగ్రత్త. మగ్గం ఆడుతుండగా ఇంటర్వ్యూ తీస్తే, మాట ఎక్కడ కోసినా వెనక టకటక లయ తప్పుతుంది. వినేవాడికి కారణం తెలియకపోయినా చెవికి తగులుతుంది. మగ్గం ఆపి మాట తీసుకో. తర్వాత ఎవరూ మాట్లాడకుండా మగ్గం చప్పుడు ఒక్కటే రెండు నిమిషాలు తియ్యి, అది వైల్డ్ ట్రాక్. ఆఖరున అందరినీ కదలొద్దని చెప్పి ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం తియ్యి, అది రూమ్ టోన్. ప్రతి గదికీ తనదైన చిన్న హోరు ఉంటుంది. రెండు బైట్ల మధ్య ఖాళీలో అది లేకపోతే గొయ్యి పడ్డట్టుంటుంది. ఇంటికొచ్చాక తీద్దాంలే అంటే కుదరదు, మీ ఇంటి హోరు వేరు.

నెరేషన్‌లో ఒక వాక్యం తప్పిందని మళ్లీ చదివితే అది పికప్. అదే మైకు, అదే దూరం, అదే గది, వీలైతే అదే పూట. పొద్దున్నే లేచిన గొంతు సాయంత్రం గొంతుతో అతకదు. ఒక్క మాట కాకుండా వాక్యం మొత్తం చదువు. ప, ఫ, భ దగ్గర గాలి మైకుకు కొట్టి ‘బుప్’ మంటుంది, దాన్ని ప్లోజివ్ అంటారు. మైకును నోటికి సూటిగా కాక కాస్త పక్కకు పెట్టుకుంటే చాలావరకు పోతుంది.

లెవెల్స్, అంటే మాట ఎంత గట్టిగా రికార్డ్ అవుతోందన్న దాని గురించి అంత టెన్షన్ పడకు. రికార్డ్ చేసేటప్పుడు గట్టి మాట కూడా మీటర్ మీద మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (మైకు ధ్వనిని పెంచే, తగ్గించే మీట) పెట్టుకో. ఒకసారి క్లిప్ అయిన, అంటే హద్దు దాటి పగిలిపోయిన మాటను ఎడిటర్ పూర్తిగా బాగుచేయలేడు. పూర్తయిన ఎపిసోడ్‌కు ఆపిల్ పాడ్‌కాస్ట్స్ అడిగే లౌడ్‌నెస్ (మొత్తం మీద చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందన్న కొలత) మైనస్ 16 LUFS దగ్గర, అది ఎడిటర్ చూసుకుంటాడు.

స్క్రిప్టులో వాయిస్ అన్న ప్రతిచోటా ఈ పేర్లు రాసి, ఫైళ్లకు కూడా అవే పెట్టు: మంగళగిరి బైట్ 1, మంగళగిరి మగ్గం వైల్డ్, మంగళగిరి రూమ్ టోన్. షాపు దగ్గర నలుగురిని అడిగేది పబ్లిక్ టాక్ అని విడిగా రాయి. దానికి ఒక్కటే ప్రశ్న పెట్టుకుని అందరినీ అదే అడగాలి. బయలుదేరే ముందు ఆ కాగితం నాకు వాట్సాప్ చెయ్యి, చూసి చెబుతాను. హెడ్‌ఫోన్లు మర్చిపోకు. రికార్డ్ చేస్తున్నంతసేపూ అవి నీ చెవులకే ఉండాలి.

ఆశీస్సులతో,
పెద్దనాన్న