టెక్ సందేహాలు: ప్రాసెసర్ ఒక ఇంటిది, బోర్డు ఇంకో ఇంటిది

ప్రశ్న: మాది రాయగడ. డిగ్రీ చదువుతున్నాను. మొదటిసారి సొంతంగా గేమింగ్ కంప్యూటర్ బిగించుకుందామని రైజెన్ 5 5600 ప్రాసెసర్, బి650 మదర్‌బోర్డు, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల పవర్ సప్లై, ఒక చిన్న క్యాబినెట్ చీటీ రాసుకున్నాను. డీడీఆర్4 ర్యామ్ 8 జీబీవి రెండు ఆన్‌లైన్‌లో కొనేశాను. మిగతావి మా బావ వచ్చే వారం విశాఖ నుంచి తెస్తాడు. ఇవన్నీ కలుస్తాయా?

జవాబు: ముందు మీ బావగారికి ఫోన్ చేసి ఆ బోర్డు కొనవద్దని చెప్పండి. తక్కినవి తరువాత మాట్లాడుకుందాం.

బి650 బోర్డు మీద ఉండేది ఏఎం5 సాకెట్, అంటే ప్రాసెసర్ కూర్చునే గూడు. మీ ప్రాసెసర్ ఏఎం4ది. పేరులో ఒక్క అంకే తేడా. వస్తువును తిరగేసి చూస్తే మాత్రం సంగతి తెలిసిపోతుంది. 5600 అడుగున 1,331 పిన్నులు దువ్వెన పళ్లలా నిలబడి ఉంటాయి. ఏఎం5 ప్రాసెసర్ అడుగు చదునుగా ఉంటుంది. దానికి కావలసిన 1,718 పిన్నులూ బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి. ఈ రెండింటినీ కలపబోతే పిన్నుల మీద పిన్నులు పడతాయి. పైగా బి650 డీడీఆర్5 ర్యామ్ తప్ప మరొకటి ఒప్పుకోదు. మీ ర్యామ్ అంచున ఉండే గాటు వేరే చోట ఉంటుంది కనుక ఆ స్లాట్‌లో దిగదు. దిగడం లేదని గట్టిగా నొక్కి చూసినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ బోర్డు ఇప్పటికీ మా అల్మరాలో ఉంది, చూసుకోవడానికి.

ర్యామ్ చేతికి వచ్చేసింది కాబట్టి దాన్ని బట్టే నడవండి: బి550 బోర్డు. ధర తక్కువని దుకాణంలో బి450 చూపిస్తారు. నేనైతే వద్దంటాను. 4060 కార్డు ఎనిమిది పీసీఐఈ లేన్లనే (ప్రాసెసర్‌కూ కార్డుకూ మధ్య డేటా నడిచే దారులు) వాడుకుంటుంది. బి450లో అవి మూడో తరానివి, అంటే బి550లో ఉండే నాలుగో తరం వేగంలో సగమే. ఇంకో చిక్కు, 2018లో వచ్చిన ఆ బోర్డు పాత బయోస్‌తో (బోర్డును నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్) ఉంటే 5600ను గుర్తు పట్టదు. చాలా బోర్డుల్లో బయోస్ మార్చడానికి పాత ప్రాసెసర్ ఒకటి ఎవరినైనా అప్పు అడగాలి. రాయగడలో అది దొరికేసరికి మీ సెలవులు అయిపోతాయి. బి550 అయినా సరే, రైజెన్ 5000కు సిద్ధం అన్న స్టిక్కర్ పెట్టె మీద ఉందో లేదో బావగారిని చూడమనండి.

ర్యామ్ వాపసు గడువు దాటకపోయి, డబ్బుకు ఇబ్బంది లేకపోతే రైజెన్ 5 7600, డీడీఆర్5 తీసుకుని మీ బి650నే ఉంచుకోవచ్చు. అప్పు చేసి మాత్రం వద్దు.

పవర్ సప్లై విషయంలో నాది కాస్త చాదస్తమే. లెక్కకు 4060 కార్డు 115 వాట్లు, ప్రాసెసర్ 65 వాట్లు. 450 చాలదా అని మీరు అడగవచ్చు. మంచి రకమైతే చాలుతుంది. కానీ కార్డు తయారీదారు చెప్పేది 550 వాట్లు. అదే తీసుకోండి. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా ఇచ్చేదాన్ని నమ్మకండి. ఇంట్లో ఎర్తింగ్ కూడా ఎలక్ట్రీషియన్ చేత ఒకసారి చూపించండి.

చిన్న క్యాబినెట్ అన్నారు కనుక అందులో ఎంత పొడవు కార్డు పడుతుందో మిల్లీమీటర్లలో చూడాలి. రెండు ఫ్యాన్ల 4060 చాలు. మూడు ఫ్యాన్లది 30 సెంటీమీటర్ల దాకా సాగుతుంది. బోర్డు కూడా మైక్రో ఏటీఎక్స్ సైజుదే తీసుకోండి, అంటే 24.4 సెంటీమీటర్ల చదరం. ప్రాసెసర్ పెట్టెతో ఉన్నదే కొనండి, కూలర్ అందులోనే వస్తుంది. పెట్టె లేకుండా విడిగా అమ్మే ట్రే సరుకుకు కూలర్ ఉండదు.

అన్నట్టు, మీ చీటీలో ఫైళ్లు దాచుకునే ఎస్ఎస్‌డీ లేనే లేదు! విండోస్ ఎక్కడ పెడతారు? ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం, 1 టీబీది చేర్చండి.

బిగించేటప్పుడు ప్రాసెసర్ మూలన ఉన్న బంగారు రంగు త్రికోణాన్ని సాకెట్ మీది త్రికోణానికి కలిపి ఊరికే వదిలేయండి, తనంతట తానే కూర్చుంటుంది. బోర్డుకు నాలుగు ర్యామ్ స్లాట్లుంటే, ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడండి. నాలుగు, నాలుగుగా విడిపోయే ఎనిమిది పిన్నుల కేబుల్ ప్రాసెసర్‌ది. ఆరు, రెండుగా విడిపోయేది కార్డుది. ఇక్కడ పొరపాటు పడకండి. బిల్లులు జాగ్రత్తగా దాచండి. వారంటీ కోసం పార్వతీపురం, బొబ్బిలి దాటి మళ్లీ విశాఖ దాకా వెళ్లాల్సింది మీరే.

ప్రశ్న: బరంపురం నుంచి రాస్తున్నాను. కోర్ ఐ5 12400ఎఫ్‌తో కంప్యూటర్ బిగించాను. ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, మానిటర్ మాత్రం నల్లగానే ఉంది. గ్రాఫిక్స్ కార్డు పాడైందా?

జవాబు: కేబుల్‌ను మదర్‌బోర్డుకు పెట్టి ఉంటారు. చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండదు, కాబట్టి బోర్డు మీది హెచ్‌డీఎంఐకి బొమ్మ పంపేవాళ్లు లేరు. కార్డుకు పెట్టి చూడండి. అప్పటికీ రాకపోతే ర్యామ్‌ను తీసి, టక్కుమనే దాకా మళ్లీ నొక్కండి.

ప్రశ్న: పర్లాకిమిడిలో ఉంటాం. 600 వీఏ యూపీఎస్ ఉన్నా, గేమ్ మధ్యలో కరెంటు పోతే కంప్యూటర్ ఆగిపోతోంది. ఎందుకు?

జవాబు: 600 వీఏ అంటే 600 వాట్లు కాదు, ఆ రకాలు చాలావరకు 360 వాట్లే ఇస్తాయి. ఆట జోరు మీద ఉన్నప్పుడు కార్డు, ప్రాసెసర్, మానిటర్ కలిసి దాన్ని దాటేస్తున్నట్టున్నాయి. 600 వాట్లు ఇచ్చే 1,000 వీఏ యూపీఎస్ చూడండి, ప్యూర్ సైన్ వేవ్‌ది (గోడ ప్లగ్గు కరెంటులాంటి నునుపైన అలనే ఇచ్చేది) అయితే ఇంకా మంచిది. అది వచ్చేదాకా స్పీకర్లను, ప్రింటర్‌ను ఆ యూపీఎస్ నుంచి తీసి గోడ ప్లగ్గుకు పెట్టండి.